సముద్రపు మొసళ్లు: శిలాజం దొరికిన చోటే అవి బతికాయా?

జురాసిక్ కాలపు సముద్రపు మొసళ్లు ఎక్కడ ఉండేవని వెతికితే దాదాపు అన్నిచోట్లా ఒకటే జాబితా కనిపిస్తుంది. ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, ఆ తర్వాత అర్జెంటీనా, మెక్సికో, చివర్లో ట్యునీసియా, థాయ్‌లాండ్. జాబితా తప్పని కాదు గానీ, అది శిలాజాలు బయటపడిన ఊళ్ల జాబితా. ఆ జంతువులు ఏ నీళ్లలో తిరిగాయి, ఒడ్డుకి ఎంత దగ్గర్లో ఉండేవి, నదుల్లోకి వచ్చేవా, నడిసముద్రంలోకి వెళ్లేవా అన్న సంగతి మ్యాప్ మీద చుక్కలు పెడితే తెలియదు. దానికి రాయినీ, ఎముకనీ, ఒక్కోసారి చెవి లోపలి గొట్టాల్నీ చూడాలి.

ముందు ఒక గందరగోళం తీర్చేసుకుంటే మంచిది. వీటిని మొసళ్లు అని పిలవడం అలవాటైపోయింది గానీ, ఇవి ఇప్పటి మొసళ్లకి పూర్వీకులు కావు, దూరపు బంధువులు మాత్రమే. 1901లో జర్మన్ శాస్త్రవేత్త ఎబర్‌హార్డ్ ఫ్రాస్ ఈ గుంపుకి థలాటోసూకియా అని పేరు పెట్టాడు. మొసలి వంశవృక్షంలో వీటిని ఏ కొమ్మ మీద కూర్చోబెట్టాలన్నది ఇంకా తెగని తగాదానే. చాలా కింద, పాతకాలంలోనే విడిపోయిన కొమ్మ అని కొందరంటారు, పొడుగు మూతి ఉన్న ఇతర మొసలి బంధువుల పక్కనే అని ఇంకొందరంటారు. చేపల వేటకి పొడుగు మూతి పనికొస్తుంది కాబట్టి సంబంధం లేని గుంపుల్లో కూడా అది మళ్లీ మళ్లీ పుడుతుంది, మూతిని చూసి చుట్టరికం కలిపితే మోసపోయే అవకాశం ఉంది. తగాదా తెగకపోవడానికి అదో పెద్ద కారణం.

ఇప్పటి ఉప్పునీటి మొసలితో పోల్చడం కూడా అంతంత మాత్రమే పనికొస్తుంది. అది సముద్రంలో వందల కిలోమీటర్లు ప్రయాణం చేయగలదు, నాలుక మీద ఉప్పుని బయటికి పంపే గ్రంథులున్నాయి, అయినా గుడ్లు పెట్టడానికి నేల మీదికి రావాల్సిందే. థలాటోసూకియన్లలో కొన్ని ఆ గీత దాటి చాలా దూరం వెళ్లాయి, కొన్ని వెళ్లలేదు. అసలు కథంతా ఆ తేడాలోనే ఉంది.

యూరప్‌లోనే ఇన్ని శిలాజాలు ఎందుకు దొరికాయన్న ప్రశ్నకి సగం జవాబు భూగర్భ శాస్త్రంలో ఉంది, మిగతా సగం తవ్వకాల చరిత్రలో ఉంది. జురాసిక్‌లో యూరప్ చాలా భాగం లోతు తక్కువ వెచ్చటి సముద్రం, మధ్యమధ్యలో దీవులు. మొసలి జాతులకి అంతకన్నా అనువైన చోటు ఉండదు, అది నిజమే. కానీ ఆ సముద్రపు అడుగు బురదే తర్వాత ఇటుకలకి మట్టి అయింది, ఇళ్లకి రాయి అయింది. ఫ్యాక్టరీలు పెరిగిన కాలంలో అక్కడ మనుషులు లక్షల టన్నుల మట్టి తవ్వి పోశారు. ఎముకలు కనిపించకుండా ఎలా ఉంటాయి?

1758లోనే ఇంగ్లండ్‌లోని విట్బీ దగ్గర సముద్రపు ఒడ్డున దొరికిన ఒక అస్థిపంజరం గురించి విలియం చాప్‌మన్, వూలర్ అనే ఇద్దరు రాయల్ సొసైటీ పత్రికలో రాశారు. చాప్‌మన్ దాన్ని ఆలిగేటర్ లాంటిదే అనుకున్నాడు. డైనోసార్ అన్న మాట పుట్టడానికి ఇంకా ఎనభై ఏళ్లకి పైగా పడుతుంది, జీవజాతులు అంతరించిపోతాయన్న ఆలోచనే అప్పటికి స్థిరపడలేదు. కాబట్టి ఆ అంచనాని ఎగతాళి చేయడానికేమీ లేదు, నిజానికి అది లక్ష్యానికి బాగా దగ్గర్లోనే పడింది. ఆ తర్వాత నార్మండీ తీరంలో ఓంఫ్లూర్ దగ్గర దొరికిన ఎముకల్ని ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే పరిశీలించాడు. అదే ప్రాంతపు మొసలి శిలాజాలకి 1825లో ఇంకో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జోఫ్రువా సాంతిలేర్ టెలియోసారస్, స్టెనియోసారస్ అని పేర్లు పెట్టి, ఒక జాతి ఇంకో జాతిగా మారగలదన్న తన వాదనకి వీటినే సాక్ష్యంగా చూపించాడు. కువియేకి ఆ వాదన అస్సలు రుచించలేదు. డార్విన్ పుస్తకానికి ముప్పై ఏళ్ల పైచిలుకు ముందే జీవపరిణామం మీద గొడవకి ఈ మొసళ్లు కారణమయ్యాయన్నది చాలామందికి తెలియని విషయం.

పీటర్‌బరో సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడి ఆక్స్‌ఫర్డ్ క్లే అనే బంకమట్టి దాదాపు 16 కోట్ల ఏళ్ల నాటిది, ఇటుకల తయారీకి పెట్టింది పేరు. 19వ శతాబ్దం చివర్లో ఆ ఇటుకమట్టి గుంటల చుట్టూ ఆల్ఫ్రెడ్ లీడ్స్ అనే రైతు తిరిగేవాడు, పనివాళ్ల పారకి ఎముక తగిలిందంటే అక్కడ వాలిపోయేవాడు. తొలిరోజుల్లో అన్న చార్లెస్ కూడా తోడున్నాడు. పనివాళ్లు చేత్తో తవ్వేవాళ్లు కాబట్టి ఎముక కనిపిస్తే ఆగేవాళ్లు. తర్వాత యంత్రాలు వచ్చాక ఆగే తీరిక ఎవరికీ లేకపోయింది. లీడ్స్ పోగేసిన అస్థిపంజరాలు లండన్‌కీ, గ్లాస్గోకీ, ఇంకా చాలా మ్యూజియంలకీ చేరాయి. ఇవాళ ఈ మొసళ్లలో ఒక పెద్ద కుటుంబమైన మెట్రియోరింకిడ్ల శరీరం గురించి తెలిసిన దాంట్లో పెద్ద వాటా ఆ గుంటల నుంచి వచ్చిందే. అంటే ఒక మనిషి పట్టుదల, ఒక పరిశ్రమ అవసరం కలిసి ప్రపంచ మ్యాప్ మీద ఒక పెద్ద చుక్కని తయారు చేశాయి. అలాంటి మట్టే ఉండి, తవ్వే అవసరం రాని చోట్ల మ్యాప్ ఖాళీగానే ఉండిపోయింది.

జర్మనీలోని హోల్జ్‌మాడెన్ ఇంకో రకం పాఠం చెబుతుంది. అక్కడి నల్లటి పలకరాయి దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. ఆ అడుగు నీళ్లలో ఆక్సిజన్ చాలా తక్కువ, శవాన్ని పీక్కుతినే జీవాలు అక్కడ పెద్దగా బతకలేవు. అందుకే మాక్రోస్పాండిలస్ లాంటి మొసళ్లు మూతి చివర నుంచి తోక చివర దాకా ఎముక చెదరకుండా దొరుకుతాయి. కానీ ఆగి ఆలోచిస్తే, ఏదీ బతకలేని అడుగున దొరికిన జంతువు అక్కడ కాపురం ఉండేది కాదు కదా. పై నీళ్లలో ఈదుతూ చచ్చి కిందికి జారి ఉండాలి, లేదా తీరం దగ్గర చచ్చి ఉబ్బి, అలల మీద కొట్టుకొచ్చి మునిగి ఉండాలి. శిలాజాలు బాగా నిలిచే చోటూ, జంతువు బాగా బతికే చోటూ చాలాసార్లు వేరువేరు.

మరి బతికిన చోటు ఎలా తెలుస్తుంది? ముందుగా ఒళ్లు చూడాలి. థలాటోసూకియన్లలో రెండు పెద్ద కుటుంబాలున్నాయి, టెలియోసారాయిడ్లు, మెట్రియోరింకిడ్లు. రెంటినీ కలిపి సముద్రపు మొసళ్లు అనేయడం వల్లే సగం తికమక వస్తోంది.

టెలియోసారాయిడ్లు చూడ్డానికి ఘరియల్‌లా ఉంటాయి. సన్నటి పొడుగు మూతి, నడవగలిగే కాళ్లు, వీపు మీదా పొట్ట మీదా గుంటలు గుంటలుగా ఉండే ఎముక పలకల కవచం. అంత బరువైన కవచంతో నడిసముద్రంలో రోజంతా ఈదడం కష్టం, తీరం దగ్గర మాటు వేయడానికైతే ఇబ్బంది లేదు. మడుగుల్లో, నదీముఖాల్లో, లోతు తక్కువ తీరపు నీళ్లలో ఇవి ఉండేవనడానికి రాళ్లు కూడా ఒప్పుకుంటున్నాయి. అంతకన్నా ఆశ్చర్యం థాయ్‌లాండ్‌లోని ఫూ నోయ్. అక్కడ దొరికిన ఇండోసైనోసూకస్‌కి 2019లో పేరు పెట్టారు. దాని చుట్టూ దొరికినవన్నీ మంచినీటి జీవాలు, ఆ రాయి కూడా నదీ మైదానంలో పేరుకున్న మట్టి. సముద్రపు మొసలి అని పేరు పడిన కుటుంబంలో ఒకటి సముద్రం మొహం చూడకుండా నదిలో బతికిందన్నమాట. కుటుంబం పేరు చూసి చిరునామా రాసేస్తే తప్పులో కాలేసినట్టే.

ఇదే కుటుంబంలో మాకిమోసారస్‌ది వేరే దారి. దాని పళ్లు సూదిగా ఉండవు, మొద్దుగా, గట్టిగా, పైన ముడతలతో ఉంటాయి. చేపని గుచ్చి పట్టే పళ్లు కావవి, పెంకు పగలగొట్టే పళ్లు. స్విట్జర్లాండ్‌లోని సోలోతర్న్ దగ్గర సున్నపురాయిలో తాబేళ్ల శిలాజాలు కుప్పలుగా దొరికాయి, వాటి డిప్పల మీద గుండ్రటి పంటి గాట్లున్నాయి, అదే రాయిలో మాకిమోసారస్ పళ్లూ దొరికాయి. ఎక్కడ బతికింది, ఏం తింది అన్న రెండు ప్రశ్నలకీ ఒకే రాయిలో జవాబు దొరకడం అరుదు. తాబేళ్లున్న వెచ్చటి మడుగు, అందులో తాబేళ్లని నమిలే మొసలి. దీనికి దగ్గరి బంధువైన లెమ్మీసూకస్ పీటర్‌బరో మట్టిలో దొరికింది, 2017లో మోటర్‌హెడ్ బ్యాండ్ గాయకుడు లెమ్మీ పేరు దానికి పెట్టారు. మీటరు పైన తలకాయ, దాదాపు ఆరు మీటర్ల ఒళ్లు, ఆ పేరుకి తగ్గట్టే ఉంది.

మెట్రియోరింకిడ్ల దగ్గరికి వచ్చేసరికి మొసలి అన్న మాటే అతకదు. కవచం పూర్తిగా పోయింది. ముందు కాళ్లు పొట్టి తెడ్లుగా మారాయి. తోక చివర వెన్నెముక కిందికి వంగి, పైన చర్మపు రెక్కతో కలిసి నిలువు రెక్కలా పనిచేసేది. కళ్లు పెద్దవి, పక్కలకి తిరిగి ఉంటాయి. ఒడ్డున మాటు వేసే మొసలికి కళ్లు తల మీద ఉండాలి, నీళ్లలో ఎరని చూసి వెంటాడే జంతువుకి ఆ అవసరం లేదు. పుర్రె లోపల, కళ్ల ముందు ఉప్పు గ్రంథులకి చోటు ఉంది. అర్జెంటీనాలో దొరికిన క్రికోసారస్ పుర్రెల్లో ఆ గ్రంథుల అచ్చులు రాయిలో అలాగే నిలిచిపోయాయి, ముద్దముద్దగా ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇప్పటి మొసలి నాలుక గ్రంథులతో పోలిస్తే ఇవి చాలా పెద్దవి. అంత పెద్ద గ్రంథులున్న జంతువు సముద్రపు నీళ్లు తాగుతూ, ఒళ్లంతా ఉప్పున్న స్క్విడ్ లాంటివి తింటూ బతకగలదు. పీటర్‌బరోలో దొరికిన ఒక మెట్రియోరింకస్ పొట్ట భాగంలో అలాంటి జీవాల చిన్న కొక్కేలు కూడా దొరికాయి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం చెవిలో దొరికింది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలుంటాయి, ఒళ్లు ఎటు తిరుగుతోందో మెదడుకి చెప్పేవి అవే. నేల మీద తిరిగే జంతువులో అవి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. నీళ్లు ఒంటిని తేలగడతాయి కాబట్టి నీటి జంతువులకి అంత సున్నితమైన తూకం అక్కర్లేదు. ఎడిన్‌బరో బృందం పుర్రెల్ని సీటీ స్కాన్ చేసి 2020లో ప్రచురించిన దాని ప్రకారం మెట్రియోరింకిడ్ల గొట్టాలు పొట్టిగా, లావుగా మారిపోయాయి, టెలియోసారాయిడ్లలో అంత మార్పు లేదు. ఇంకో విషయం కూడా బయటపడింది. తిమింగలాలు నీళ్లలోకి దిగిన కొత్తల్లోనే వాటి చెవి మారిపోయింది. వీటిలో మాత్రం ముందు ఒళ్లు మారింది, చాలాకాలం సగం నేల సగం నీళ్లుగా గడిచాక చెవి మారింది. సముద్రంలోకి వెళ్లే దారి అందరికీ ఒకటి కాదని దీంతో తేలింది. ముక్కు సంగతి కూడా అంతే. తిమింగలాలకీ, చేప ఆకారంలో ఉండే ఇక్తియోసార్లు అనే సముద్ర సరీసృపాలకీ ముక్కురంధ్రాలు వెనక్కి జరిగాయి, వీటికి మూతి చివరే ఉండిపోయాయి, నడిసముద్రంలో వేగంగా పోతూ ఊపిరి తీయడానికి అది అంత సౌకర్యంగా ఉండి ఉండదు.

గుడ్లు ఎక్కడ పెట్టేవన్న ప్రశ్న మిగిలింది. ఆ తెడ్డు కాళ్లతో ఇసుక మీదికి ఎక్కడం ఊహించుకోవడం కష్టం. 2017లో క్రికోసారస్ కటి ఎముకలు కొలిచినవాళ్లు, పిల్ల బయటికి వచ్చే దారి మామూలు మొసలికి ఉండేదానికన్నా వెడల్పుగా ఉందనీ, పిల్లల్నే నేరుగా కని ఉండొచ్చనీ అన్నారు. ఇక్తియోసార్ల విషయంలో కడుపులో పిల్లలతో ఉన్న శిలాజాలే హోల్జ్‌మాడెన్‌లో బయటపడ్డాయి, వాదనకి చోటు లేదు. మెట్రియోరింకిడ్లకి అలాంటిది ఒక్కటి కూడా దొరకలేదు, కాబట్టి ఇది బలమైన అనుమానం మాత్రమే.

రెండు కుటుంబాల మధ్య ఇంత దూరం ఉంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా? 1996లో హంగరీలోని గెరెచె కొండల్లో ఒక ఔత్సాహికుడికి దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి ఎముకలు దొరికాయి. 2018లో దానికి మగ్యారోసూకస్ అని పేరు పెట్టారు. దాదాపు ఐదు మీటర్ల పొడుగు, వీపు మీద బరువైన కవచం ఉంది, కాళ్లు నడిచే కాళ్లే. కానీ తోక ఎముకల్లో ఒకటి మాత్రం విచిత్రమైన ఆకారంలో ఉంది, మెట్రియోరింకిడ్ల తోక వంపు దగ్గర ఉండే ఎముకలా. కవచమూ తోక రెక్కా ఒకే ఒంటి మీద! కవచం వదిలేశాకే తోక మారిందన్న సులువైన వరుస దీంతో చెల్లదు. పైగా అది దొరికింది తీరానికి దూరంగా, లోతైన సముద్రంలో పేరుకున్న సున్నపురాయిలో. అక్కడికి ఈదుకుంటూ వెళ్లిందా, శవం కొట్టుకొచ్చిందా అన్న పాత ప్రశ్న మళ్లీ వస్తుంది గానీ, ఆ తోక ఎముక ఉండటం వల్ల ఈసారి ఈదిందన్న వైపే త్రాసు కొంచెం మొగ్గుతుంది.

ఒళ్లు చదవడం తెలిశాక మ్యాప్ వేరేగా కనిపిస్తుంది. మెట్రియోరింకిడ్ల ఎముకలు యూరప్ నుంచి మెక్సికో, చిలీ, అర్జెంటీనా దాకా దొరకడం వింతేమీ కాదు. ఖండాలన్నీ కలిసి ఉన్న పాంజియా అనే పెద్ద నేల విడిపోతున్న కాలంలో యూరప్ వైపు టెథిస్ సముద్రాన్నీ, అటు పసిఫిక్‌నీ కలుపుతూ ఇప్పటి కరీబియన్ ప్రాంతం మీదుగా ఒక సన్నటి సముద్ర మార్గం తెరుచుకుంది. స్పెయిన్‌లో దొరికిన మలెడిక్టోసూకస్‌కి మెక్సికోలోని ఓహాకాలో తోబుట్టువు లాంటి ఇంకో జాతి దొరికింది, 2018లో దాన్ని వర్ణించారు. ఆ దారిన ఈ జంతువులు వెళ్లాయనడానికి అంతకన్నా ఏం కావాలి. అర్జెంటీనాలో వాకా ముయెర్తా రాళ్లలో దొరికిన డాకోసారస్ ఆండినియెన్సిస్ మరీ వింతైనది. పొట్టి ఎత్తు మూతి, రంపపు పళ్లు, దగ్గర దగ్గర 80 సెంటీమీటర్ల తలకాయ. గాడ్జిల్లా అన్న ముద్దుపేరు ఊరికే రాలేదు. చేపల్ని కాదు, పెద్ద జంతువుల్ని కండలు కండలుగా కోసి తినే పళ్లవి. వాకా ముయెర్తా ఇప్పుడు షేల్ గ్యాస్‌కి ప్రపంచ ప్రసిద్ధి. చచ్చిన సముద్ర జీవాలు మిగిల్చిన సేంద్రియ పదార్థం ఆ బురదలో కుళ్లకుండా నిలవడం వల్లే ఆ గ్యాస్, అలాంటి బురదే ఎముకల్నీ కాపాడింది.

ఎక్కడ బతికాయన్న దాన్ని నీటి వేడి కూడా నిర్ణయించింది. చేప పళ్లలోని ఆక్సిజన్ ఐసోటోపులతో (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువులతో) పాత సముద్రాల ఉష్ణోగ్రత లెక్కగట్టి, 2014లో ఒక బృందం సముద్రపు మొసళ్ల జాతుల సంఖ్యతో పోల్చింది. నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడు జాతులు పెరిగాయి, చల్లబడినప్పుడు తగ్గాయి, ఒక్క మెట్రియోరింకిడ్లే ఈ లెక్కలో ఇమడలేదు. తర్వాత 2020లో వాటి పళ్లనే పరీక్షిస్తే మెట్రియోరింకిడ్లకి కొంత ఒంటివేడి సొంతంగా ఉండేదని, దాన్ని స్థిరంగా నిలుపుకునే శక్తి మాత్రం అంతగా లేదని తేలింది. టెలియోసారాయిడ్లు మామూలు మొసళ్లలా బయటి వేడి మీదే ఆధారపడ్డాయి. ఇంగ్లండ్ ప్రాంతపు సముద్రంలో 1.8 కోట్ల ఏళ్ల వ్యవధిలో మిగిలిన పళ్లని పోల్చి చూసిన 2018 అధ్యయనం ఇంకో కారణం కూడా చూపించింది. సముద్ర మట్టం పెరిగి నీళ్లు లోతెక్కే కొద్దీ ఒడ్డు దగ్గర చేపల్ని గుచ్చి తినే జాతులు తగ్గాయి, లోతు నీళ్లలో పెద్ద ఎరని కోసి తినేవి పెరిగాయి. టెలియోసారాయిడ్లకి వేడీ కావాలి, ఒడ్డూ కావాలి. ఆ రెండూ తగ్గిన చోట అవి నిలవలేకపోయాయంటే నమ్మొచ్చు.

అయితే అన్నిచోట్లా ఒకేసారి పోలేదు. ట్యునీసియాలో దొరికిన మాకిమోసారస్ రెక్స్ దాదాపు 13 కోట్ల ఏళ్ల నాటిది, జురాసిక్ ముగిసి క్రెటేషియస్ కాలం మొదలైపోయాక కూడా వెచ్చటి దక్షిణ తీరంలో బతికేసింది. 2016లో దీన్ని ప్రకటించినప్పుడు పొడుగు 9.6 మీటర్లన్నారు, వార్తల్లో హడావిడి అంతా ఇంతా కాదు. తర్వాత వేరే కొలతలతో లెక్కేసినవాళ్లు దాన్ని ఏడు మీటర్ల దగ్గరికి దించారు. దొరికింది ప్రధానంగా పుర్రె, కొన్ని ఎముకలు. తలకాయని బట్టి ఒళ్లు ఎంతని ఏ జంతువు కొలతలతో లెక్కేస్తామన్న దాని మీదే అంతా ఉంటుంది కాబట్టి, శిలాజాల్లో పెద్ద అంకెలు కనిపిస్తే కాస్త ఆగి చదవడమే మేలు.

కొత్త ప్రాంతాల్లో తవ్వితేనే మ్యాప్ మారుతుందని కూడా లేదు. మెల్క్‌షామ్ మాన్‌స్టర్ అని పిలిచే యెల్‌డ్రాన్ శిలాజం 1875 నుంచీ లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనే ఉంది, 2017 దాకా దానికి పేరే లేదు. అది కొత్త జాతి అని తేలాక, డాకోసారస్ లాంటి వేటగాళ్ల గుంపు పుట్టిన కాలాన్ని వెనక్కి జరపాల్సి వచ్చింది. స్టెనియోసారస్ అన్న పేరు కింద దశాబ్దాల తరబడి కనిపించినదల్లా పడేశారు. 2020లో ఆ సంచీ విప్పి చూస్తే, అసలు ఆ పేరు పెట్టిన మొదటి శిలాజంలోనే గుర్తుపట్టే లక్షణాలు సరిపోవని తేలి, లోపలున్నవాటిని చాలా వేరే పేర్ల కిందికి సర్దారు. మడగాస్కర్‌లో దొరికినది కూడా అలాగే కొత్త పేరు తెచ్చుకుంది. యూరప్ నుంచి మడగాస్కర్ దాకా ఒకే జంతువు తిరిగిందనిపించిన పాత మ్యాప్ నిజానికి పేర్ల గందరగోళం వల్ల వచ్చింది.

మొదలు ఎక్కడన్నది కూడా ఇంకా మసకగానే ఉంది. ఇంగ్లండ్‌లోని డోర్సెట్ తీరంలో దొరికిన టర్నర్‌సూకస్‌ని 2023లో ప్రకటించారు. దాదాపు 18.5 కోట్ల ఏళ్ల నాటిది, పేరు పెట్టడానికి సరిపడా ఎముకలు దొరికిన థలాటోసూకియన్లలో ఇదే అతి పాతది. కానీ దాని తర్వాత కొద్దికాలానికే రకరకాల ఆకారాలు ఒక్కసారిగా కనిపిస్తాయి కాబట్టి, కుటుంబం అంతకు చాలాముందే, బహుశా జురాసిక్‌కి ముందటి ట్రయాసిక్ కాలం చివర్లోనే విడిపోయి ఉండాలి. ఆ నడిమి కాలపు ఎముకలు ఏ తీరంలో ఉన్నాయో, ఆ తీరంలో ఇటుకల కోసమో రాయి కోసమో ఎవరైనా తవ్వారో లేదో మరి.